కంద కోసం తవ్విన గొయ్యి

పెరట్లో పాతర తవ్వించాలని అంతోని శనివారం పొద్దున కాఫీ తాగుతూ తేల్చేశాడు. కాలువల ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా గుమాస్తా అయినా, కంకిపాడులో ఇంటి వెనక సేద్యమంటేనే ఆయనకు ప్రాణం. ఆ ఏడు, డెబ్బై నాలుగులో, చేటంతేసి కంద దుంపలు పాతిక దిగాయి. ఈస్టరు కాగానే కూతురు మణెమ్మ పెళ్ళి. విందులో మా పెరటి కంద పులుసేనని కాబోయే వియ్యంకుడు శౌరయ్యకు మాటిచ్చేశాడు. పోయినేడు అటక మీద పెడితే సగం ఎలుకల పాలయ్యాయి. ఈసారి మాట పోకూడదు.

"నేల కింద ఇసుకలో పెడితే నాలుగు నెలలు చెక్కుచెదరవట," అని భార్య అమలమ్మకు చదివి వినిపించాడు. అది బెల్లం పొట్లం కట్టొచ్చిన వారపత్రిక కాగితం. చిరిగిపోయిన సగంలో ఏముందో ఆయనకు అక్కర్లేకపోయింది.

"ఎవరు తవ్వుతారండీ?"

"మాణిక్యం. అంత నున్నగా గొయ్యి తీసేవాడు ఊళ్ళో ఇంకెవడున్నాడు?"

నిజమే. కాకపోతే మాణిక్యం పాతికేళ్ళుగా తవ్వుతున్నది చర్చి వెనక సమాధుల తోటలో. కొలత చెప్పకపోతే అతని చేతికి తెలిసింది ఒక్కటే: ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంతోని కొలత చెప్పడం మరిచిపోయాడు.

భుజాన పారతో మాణిక్యం ఆ ఇంట్లోకి వెళ్ళడం పాలు పోసే మార్త చూసింది. అంతోని తల్లి సంపూర్ణమ్మకు ఎనభై దాటాయని అందరికీ తెలుసు. గోడ మీంచి తొంగి చూస్తే గొయ్యి కనబడనే కనబడింది. "తల్లిని పెరట్లోనే పెట్టుకుంటాడట, ఎంత ప్రేమో!" అని మార్త పాలతో పాటు ఆ కబురూ పోసుకుంటూ పోయింది.

గంట తిరక్కుండా ఉపదేశి ఇశ్రాయేలు ప్రార్థన పుస్తకంతో దిగాడు.

"ఎవరూ పోవడంలేదండీ! ఆ గొయ్యి దుంపలకి!" అన్నాడు అంతోని.

ఉపదేశి ఆయన వీపు నిమిరాడు. "ఏడిస్తే బరువు దిగుతుంది బాబూ. దుంపలూ గింపలూ అంటూ దాచుకోకు."

బస్సు కండక్టరు చేత ఎవరో కబురంపారు. పదకొండింటికల్లా గుణదల నుంచి అంతోని చెల్లెలు తెరేసమ్మ శోకాలు పెడుతూ వచ్చింది, వెనక పదిహేనుమంది చుట్టాలు. సంపూర్ణమ్మ కునుకు తీసి లేచేసరికి మంచం చుట్టూ అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. ఇంట్లో ఎవరికో ముంచుకొచ్చిందని ఆవిడకు అర్థమైంది. ఎవరికని అడిగితే బాగుండదని అందరికంటే గట్టిగా ప్రార్థన అందుకుంది. ఆరిపోయే ముందు వెలుగని తెరేసమ్మ మరీ ఏడ్చింది.

మధ్యాహ్నానికి అరవైమంది తేలారు.

"బస్సెక్కి వచ్చినవాళ్ళని పస్తు పంపమంటారా?" అంది అమలమ్మ. ఇంట్లో ఉన్న కూర కందే. పది దుంపలు పులుసులోకి వెళ్ళాయి. భోజనాలయ్యాక సంపూర్ణమ్మ వసారాలో కూర్చుని మిగిలినవి పంచడం మొదలెట్టింది.

"అమ్మా, అవి పెళ్ళికే!"

"వట్టి చేతులతో ఎట్లా పంపుతాంరా?"

అంతోని చెయ్యి అడ్డం పెట్టబోతే, తల్లి ఆఖరి కోరిక కూడా తీర్చడేమిటన్నట్టు జనం చూశారు. దుంపలు కళ్ళకద్దుకుని మరీ పట్టుకెళ్ళారు. ఆరు నెలల కష్టం గుమ్మం దాటుతుంటే అంతోనికి నిజంగానే ఏడుపొచ్చింది. ఉపదేశి అప్పటికి కుదుటపడ్డాడు.

"అయ్యగారూ, నీళ్ళండీ!" అని పెరట్లోంచి మాణిక్యం కేకేశాడు. నాలుగో అడుగులోనే ఊట. సాయంత్రానికి గొయ్యి జానెడు వెలితిగా నిండింది.

అప్పుడొచ్చాడు శౌరయ్య. పెద్దావిడ పోతే పెళ్ళి ఏడాది ఆపుదామని చెప్పడానికి వచ్చినవాడు, ఆవిడ రెండోసారి పులుసు పోయించుకోవడం చూసి నోరు మూసుకున్నాడు. పెళ్ళి ఈస్టరుకేనని ఖాయమైంది. ఇక దాచలేక అంతోని తలొంచుకున్నాడు.

"మాట తప్పాను బావగారూ. ఒక్క దుంపా మిగల్లేదు."

శౌరయ్య హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలాడు. "మా వాళ్ళెవరూ కంద ముట్టరండీ, నోరు దురదని. మీరంత ముచ్చటపడుతుంటే చెప్పలేకపోయాం."

అంతోని నీళ్ళు నిండిన గొయ్యి వైపు తిరిగాడు.

"చేపలైతే తింటారు కదండీ?" అన్నాడు.