దర్జీ ఇంటి మీది ఆకాశం

ఆకాశానికి కప్పు వెయ్యాలన్న మహత్తరమైన ఆలోచన మానవజాతికి ఒక మంగళవారం నాడు, భోజనాలయ్యాక వచ్చింది. (అంతకుముందు వచ్చినవన్నీ అనధికారికం కాబట్టి లెక్కలోకి రావు.) పొరుగుదేశం వాడు క్షిపణి వేస్తే దాన్ని గాలిలో ఉండగానే ఇంకో క్షిపణితో కొట్టి పడెయ్యాలి. దేశం మొత్తానికి అలాంటి కవచం ఒకటి ఉండాలి. మరి కట్టాలా, వద్దా? అది తేల్చడానికి ‘ఆకాశ రక్షణ చర్చా సంఘం’ వెలిసింది. మొదట్లో చర్చించినవాళ్ళు పింఛన్లు పుచ్చుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ కుర్చీల్లోకి అల్లుళ్ళొచ్చారు. వాదనలు మాత్రం ఏ కుర్చీవి ఆ కుర్చీకే అంటుకుని ఉండిపోయాయి.

కుడివైపు బల్లలు ‘కట్టాలి’ వర్గానివి. “వాళ్ళు వేస్తే ఏం చేస్తాం? నోరు తెరుచుకుని చూస్తామా?” అనేది వాళ్ళ మాట. ఎడమవైపు ‘వద్దు’ వర్గం. “మనం కవచం కడితే వాళ్ళు ఊరుకుంటారా? దాన్ని దాటడానికి ఇంకో పది చేస్తారు” అనేది వీళ్ళ మాట. రెండూ నిజమే కావడం వల్ల చర్చకు ఏనాడూ ఏ ఆటంకమూ కలగలేదు.

పరీక్షలు కూడా జరిపారు. వచ్చే క్షిపణి ఏ వేళకు బయల్దేరుతుందో, ఏ దారిన వస్తుందో ముందే కబురు తెప్పించుకుని కొడితే, మనది సగం సార్లు తగిలింది. “యుద్ధంలో శత్రువు కూడా ఇలాగే కబురు పెడితే మనకిక తిరుగులేదు” అని సంఘం శాస్త్రజ్ఞుడు నివేదించాడు. శత్రువు అంత మర్యాదస్తుడా కాదా అని తేల్చడానికి ఉపసంఘం వేశారు.

ఇదంతా పెద్దల గొడవ. బజారు చివరి దర్జీకి దీనితో ఏ సంబంధమూ లేదు, తన కుట్టుగది కప్పు కారడం మొదలుపెట్టేదాకా.

బడి తెరవబోతోంది. పిల్లల యూనిఫారాలన్నీ ఈసారి ఆయనకే ఇచ్చారు. గది నిండా తెల్ల చొక్కాలు గుట్టలుగా పడి ఉన్నాయి. పైన చూస్తే మబ్బులు, కప్పుకి చూస్తే చిల్లులు. కప్పు లోంచి కారే మట్టినీళ్ళ చుక్క ఒక్కటి పడిందా, అది తెల్ల చొక్కా కాకుండా పోతుంది, బడి ఇంకో దర్జీని చూసుకుంటుంది. నాలుగు రేకులు వేయించుకుందామని పురపాలక ఆఫీసుకు పరుగెత్తాడు. అక్కడివాళ్ళు ఆప్యాయంగా కూర్చోబెట్టి, “మీ కప్పు దాకా మా పరిధే. ఆ పైది చర్చలో ఉంది. సంఘాన్ని అడగండి” అన్నారు.

అదృష్టవశాత్తూ ఆ సంఘంలో దర్జీ బావమరిది గుమాస్తా. రెండు వర్గాల బల్లల మీదా మంచినీళ్ళ కూజాలు సమానంగా నిండి ఉండేలా చూడటం అతని ఉద్యోగం. (ఒకసారి ఎడమ కూజాలో రెండు వేళ్ళు తక్కువైతే సభ వాయిదా పడింది.)

“ఒరేయ్, నాలుగు రేకులకి పర్మిషన్ తేలేవురా?” అన్నాడు దర్జీ. “పెళ్ళిచూపుల్లో మీ నాన్న నిన్నే చూపించాడు కదరా, గవర్నమెంటు ఉద్యోగమని! మీ అక్క మొహం సరిగ్గా చూడనేలేదు నేను.”

“చూసుంటే చేసుకునేవాళ్ళు కాదన్నట్టు!” అంది లోపల్నించి ఆవిడ.

“బావా, నువ్వు రేకులంటున్నావు. వాళ్ళు దాన్ని కప్పు అంటారు,” అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి. “నీకిస్తే కట్టాలి వర్గం గెలిచినట్టు. ఇవ్వకపోతే వద్దు వర్గం గెలిచినట్టు. అందుకని ఇవ్వనూ ఇవ్వరు, కాదనీ అనరు.”

“మరేం చేస్తారురా?”

“పిలిచి మాట్లాడిస్తారు.”

పిలిచారు. దర్జీ ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని వెళ్ళి, రెండు కూజాల మధ్య నిలబడ్డాడు.

“మీ ఇంటి మీద ఆకాశం నుంచి ఏం పడుతుందని మీ అనుమానం?” అడిగాడు అధ్యక్షుడు.

“వానండీ.”

“ఎక్కణ్ణుంచి?”

“పైనుంచండీ.”

“అది మాకూ తెలుసు. ఏ దిక్కు నుంచి?”

దర్జీ బావమరిది వంక చూశాడు. బావమరిది కూజా వంక చూశాడు. “మబ్బులు పడమటి నుంచే వస్తాయండి ఎప్పుడూ,” అన్నాడు దర్జీ.

పొరుగుదేశం ఉన్నది పడమరనే. కట్టాలి వర్గం చేతులు వాచిపోయేలా బల్లలు చరిచింది. వద్దు వర్గం పెద్ద నెమ్మదిగా లేచాడు.

“చూడు నాయనా. నువ్వు రేకులు వేస్తే మబ్బులు రెచ్చిపోయి వడగళ్ళు కురిపించవని హామీ ఇవ్వగలవా?”

“నేనెక్కడివ్వగలనండీ!”

“విన్నారా? సాక్షే ఒప్పుకున్నాడు.”

సభ వాయిదా పడింది.

“ఏమన్నారు?” అంది భార్య, ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే.

“మిగతాది మన పిల్లలు పెద్దయ్యాక వచ్చి చెప్పొచ్చన్నారు.”

“బానే ఉంది. రేకులు కదా వెయ్యకూడదు? మీకు చేతనయింది మీరు చెయ్యండి. కుట్టడానికి కూడా సభ పెట్టాలా?”

ఆ మాట ఆయన బుర్రలో సూదిలా దిగింది. గుడారపు గుడ్డ తెచ్చి, రెండేసి కుట్లు వేసి, మైనం రాసి, పైజమాకి నాడా ఎక్కించినట్టు అంచుల్లో తాడు ఎక్కించాడు. కప్పు మీద పరిచి నాలుగు మూలలా బిగించాడు. సాయంత్రం కుండపోతగా కురిసింది. లోపల చుక్క పడలేదు. చొక్కాల గుట్ట మీద చెయ్యివేసి చూసుకుని, ఆయన చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

ఆదివారం మధ్యాహ్నం సంఘం మొత్తం వీధిలోకి దిగింది. ముందు గుమాస్తా, మొహంలో నెత్తురుచుక్క లేకుండా.

“బావా, ఒట్టు. నేను చెప్పలేదు. విమానంలోంచి ఎవరో చూశారట.”

“ఇప్పేస్తానండీ, ఇప్పుడే ఇప్పేస్తాను” అంటూ దర్జీ నిచ్చెన కోసం పరుగెత్తబోయాడు. శాస్త్రజ్ఞుడు చెయ్యెత్తి ఆపాడు. పరీక్ష జరగాలన్నాడు. పక్కింటి మేడ ఎక్కి, ఏ వేళకు పోస్తాడో ముందే కేకేసి చెప్పి, బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. నీళ్ళన్నీ జారి వద్దు వర్గం పెద్ద మీద పడ్డాయి. లోపల పొడిగా ఉంది.

“నూటికి నూరు!” అన్నాడు శాస్త్రజ్ఞుడు గద్గదంగా. “పైగా ఇది కట్టినప్పట్నుంచీ దేశం మీద ఒక్క క్షిపణి కూడా పడలేదు.”

దేశానికి కవచం వచ్చేసిందని కట్టాలి వర్గం జయజయధ్వానాలు చేసింది. గుడ్డే కదా, పొరుగువాళ్ళు ఏమీ అనుకోరని వద్దు వర్గం బట్టలు పిండుకుంటూ సంతోషించింది. రెండు వర్గాలూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదలు కావడంతో, అలాంటప్పుడు ఏం చెయ్యాలో నిబంధనల్లో దొరకలేదు. అందరూ టీ తాగారు.

“అయితే ఉంచుకోవచ్చాండీ?” అన్నాడు దర్జీ, ఆనందం పట్టలేక.

“ఉంచుకోవడమేమిటయ్యా! అది కదిపితే దేశద్రోహం,” అన్నాడు అధ్యక్షుడు. “జాతీయ కవచం మొదటి దశ పూర్తయింది. ఇది ఇక రక్షణ స్థావరం. కింద పౌరులెవరూ ఉండకూడదు.”

“అయ్యో, మా మిషనూ చొక్కాలూ లోపల ఉన్నాయి బాబూ!” అంది భార్య.

“అవి రక్షణలో ఉన్నాయమ్మా. మీరు నిశ్చింతగా ఉండండి.”

చుట్టూ ముళ్ళకంచె వేశారు. గుమ్మంలో తుపాకీతో ఒక జవాను నిలబడ్డాడు. భార్యాభర్తలు వెనక వరండాలోకి మారారు. (అక్కడా కారుతుంది గానీ, వరండా రెండో దశలో ఉంది.) దర్జీ అరువు మిషను మీద తల వంచుకుని చిరుగులు కుడుతున్నాడు. గుమాస్తాకి కవచ పర్యవేక్షకుడిగా ప్రమోషనొచ్చింది. అక్క అతనితో మాట్లాడటం మానేసింది.

బడి తెరిచారు. వానలు బాగా పడుతున్నాయి. పిల్లలు పొట్టివైపోయిన పాత చొక్కాల్లో తడుస్తూ ఆ కంచె పక్కనుంచే వెళుతున్నారు. హెడ్మాస్టరమ్మ ఉండబట్టలేక వెళ్ళి అడిగితే సంఘం సభాముఖంగా జవాబిచ్చింది: వానకీ, వడగళ్ళకీ, ఏ దేశపు క్షిపణికీ అందకుండా, మడత నలగకుండా ఆ చొక్కాలు భద్రంగా ఉన్నాయి. వాటిని తొడుక్కోవాల్సిన పిల్లల సంగతి మాత్రం చర్చలో ఉంది.