ఆలోచించే వంశం

తమ వంశంలో జబ్బన్నది పుట్టలేదు, పుట్టదు, పుట్టబోదని మామగారు కాఫీ కప్పు కింద పెట్టి మరీ ప్రకటించారు. ఆయన ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఆయన ప్రకటించాక ఇంట్లో ఎవరూ అప్పీలుకు వెళ్లరు.

కోడలి బెంగంతా ఆరేళ్ల కూతురి గురించి. పిల్ల తింటూ తింటూ, ముద్ద చేతిలోనే ఉంచుకుని గోడకేసి చూస్తూ ఉండిపోతుంది. పిలిస్తే పలకదు. కాసేపటికి ఏమీ జరగనట్టు ముద్ద నోట్లో పెట్టుకుంటుంది. డాక్టరుకు చూపించమని టీచరు చెప్పింది. మామగారు మాత్రం దానికి ‘ఆలోచన’ అని పేరు పెట్టి, ఒక నియమం చేశారు: ఆలోచిస్తున్న మనిషిని ఎవరూ కదిలించకూడదు. దాంతో చప్పుడైతే పిల్ల ఆలోచన చెదురుతుందని, పొయ్యి మీద కూర మాడుతున్నా అత్తగారు గరిటె పట్టుకుని బొమ్మలా నిలబడేది. ఆ మాడు కూరనే అందరూ వంశగౌరవంతో సహా మింగేవాళ్లు.

కోడలు పోరగా పోరగా, దారిపొడుగునా సణుగుతూ ఆస్పత్రికి వచ్చారు మామగారు.

పిల్లల నరాల డాక్టరమ్మ అంతా విని, "ఇది ఒకరకం మూర్ఛలా ఉంది. పిల్లలు కింద పడరు, కొట్టుకోరు, కాసేపు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. మందులున్నాయి, భయపడకండి. కొన్ని కుటుంబాల్లో ఇది వస్తుంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా? తెలిస్తే మాకు తేలిక," అంది.

"మా వైపా? ఛ ఛ! కోడలి వైపు కనుక్కోండి," అన్నారు మామగారు.

కోడలికి ఒళ్లు మండింది. చిన్నప్పుడు ఈయనా బాగా ‘ఆలోచించే’వారని అత్తగారు ఒకసారి నోరు జారింది. నిలదీస్తే బుకాయిస్తారు. అందుకని డాక్టరమ్మకేసి చూసి నిట్టూర్చి, "అయితే ఆస్పత్రివాళ్లు చేసే ఆ సన్మానం మనకు దక్కదన్నమాట. మూడు తరాలుగా ఇది ఉన్న కుటుంబాన్నే కదండీ వేదిక ఎక్కించేది?" అంది.

డాక్టరమ్మ ఒకసారి కోడలి మొహం, ఒకసారి మామగారి మొహం చూసింది. "ముందు ఎన్ని తరాలో తేలనివ్వండి," అంది.

మామగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మూడేమిటండీ, నాలుగు రాసుకోండి! మా తాతకుంది, మా నాన్నకుంది. నేనైతే మీసాలొచ్చేదాకా మాత్రలు మింగాను. మా తమ్ముడు ఆలోచిస్తూ సైకిలుతో సహా కాలవలో దిగాడు. కోడలి వైపు ఎవరికీ లేదండీ, వాళ్లకంత భాగ్యమేదీ?"

డాక్టరమ్మ అన్నీ రాసుకుని, తలకు తీగలు పెట్టి తీసే పరీక్ష రాసింది. దాని రిపోర్టు రాగానే మందు మొదలుపెడదామంది. కోడలికి ఇన్నాళ్లకు ప్రాణం కుదుటపడింది.

వరండాలోకి వచ్చాక మామగారు చొక్కా సర్దుకున్నారు. "ఇంతకీ సన్మానం ఎప్పుడమ్మా?"

కోడలు ఎదుటి గోడకేసి కళ్లార్పకుండా చూస్తూ నిలబడిపోయింది.

"నిన్నేనమ్మా అడిగేది!"

పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "ఉష్, తాతయ్యా. అమ్మ ఆలోచిస్తోంది. కదిలించకూడదు."