పేరు కుదిరితేనే డాక్టరు

మనిషి సంస్కారమంతా పరాయి పేరు పలికే తీరులోనే ఉందని పెద్దాసుపత్రి యాజమాన్యం తీర్మానించింది. విదేశీ డాక్టరు ఒకాయన కొత్తగా చేరాడు. మొదటిరోజే ఆయన పేరును మైకులో ముక్కలు ముక్కలు చేశారు. వెంటనే శుద్ధోచ్చారణ విభాగం వెలిసింది, దానికో అధికారి వచ్చాడు. ఆ పేరు అధికారి నోట వినాల్సిందే. హాల్లో దగ్గేవాళ్ళు కూడా దగ్గు ఆపుకునేవారు. (చెవికి హాయిగానే ఉండేది. కాదనకూడదు.)

డాక్టరు ఎవరికి కావాలో వాళ్ళే మైకులో పిలవాలి. పలికింది కుదిరి పచ్చదీపం వెలిగితే కాపలావాడు డాక్టరును వార్డులోకి వదులుతాడు. ఎర్రదీపమైతే మళ్ళీ పిలవాలి. (దీన్ని ప్రజలకు ఉచిత విద్య కింద చూపించారు.)

ఒకరోజు, ఇళ్ళకు రంగులేసే మనిషిని చూరు కింద కందిరీగలు కుట్టాయి. మొహం వాచి, గొంతు పూడుకుపోతుంటే అక్క ఆటోలో తీసుకొచ్చింది. నర్సు అతన్ని వార్డులో పడుకోబెట్టింది. "సూదిమందు రాయాల్సింది డాక్టరుగారే. పరిగెత్తి పిలువమ్మా," అంది.

అక్క మైకులో పిలిచింది. ఎదురు బెంచీ మీదున్న డాక్టరు లేచాడు. ఎర్రదీపం వెలిగింది.

"కూర్చోండి సార్. ఆవిడ పిలిచింది మిమ్మల్ని కాదు," అన్నాడు అధికారి.

"నన్నే. మా అమ్మ కూడా ఇట్లాగే పిలుస్తుంది," అన్నాడు డాక్టరు వచ్చీరాని తెలుగులో.

"ఇంట్లో ఎలా పిలిచినా మాకు అభ్యంతరం లేదు సార్." అధికారి అక్క వైపు తిరిగాడు. "తొందరపడుతున్నావమ్మా. నిదానంగా గొంతులోంచి రావాలి."

"వాడికి గొంతులోంచి ఊపిరే రావట్లేదు బాబూ! ఆయన ఇక్కడే ఉన్నాడు కదా, పంపించు, నీకు పుణ్యముంటుంది."

"పంపితే ఆయనకే అవమానం."

డాక్టరు వార్డు వైపు నడిచాడు. కాపలావాడు ఒక చేత్తో సలాము పెట్టి, రెండో చెయ్యి అడ్డం పెట్టాడు. వరసలో ఉన్నవాళ్ళు సలహాలకు దిగారు.

"నాలుక మడత పెట్టక్కా!"

"ముక్కు మూసుకుని అను!"

ఇక డాక్టరే మైకు లాక్కుని తన పేరు తానే చెప్పాడు. ఎర్రదీపం వెలిగింది.

"మీది కొంచెం యాస సార్," అన్నాడు అధికారి జాలిగా.

అక్క కళ్ళు మూసుకుని, ఏడుపు మింగి, మరోసారి పిలిచింది. పచ్చదీపం వెలిగింది. హాలంతా చప్పట్లు. అధికారి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదమ్మా, పేరంటే!"

డాక్టరు పరుగెత్తాడు. అక్కను పేరడిగి తెలుసుకుని, మంచం మీదికి వంగి, తమ్ముణ్ణి ఆ పేరుతో పిలిచాడు. భుజం కుదిపి మళ్ళీ పిలిచాడు. జవాబు రాలేదు.

ఉచ్చారణలో దోషమేమీ లేదని, వెనకాలే వచ్చిన అధికారి ధ్రువీకరించాడు.