పెంటప్ప సేఠ్ గారి డాక్టర్ విశ్రాంతి పథకం

"నేటి నుంచి మన దవాఖానాలో డాక్టరు అలసిపోవడం రద్దు చేయడమైనది" అని పెంటప్ప సేఠ్ అశోక్ చౌక్‌లో మైకు పట్టుకొని ప్రకటించినప్పుడు, ముందు వరుసలో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నాది భవాని పేట్‌లో చద్దర్ల దుకాణం. సేఠ్ గారు ఏది ప్రకటించినా సత్కారం ఉంటుంది, సత్కారం ఉంటే శాలువా బదులు కప్పే చద్దరు ఉంటుంది. అందుకే ఆయన ప్రజాసేవ అంటే నాకు మొదటి నుంచీ గౌరవం.

కుంఠా నాకా దగ్గర ఆయనకు మరమగ్గాల కార్ఖానా ఉంది. పేట జనం చందాలతో నడిచే మా దవాఖానాకు ఆయనే అధ్యక్షులు. ఈసారి కార్పొరేటర్ టికెట్ కూడా ఆయనదేనంటున్నారు. దవాఖానాకు ఉన్నది మాత్రం ఒక్కడే డాక్టరు, గంగాధర్. రెండో డాక్టరు నిరుడు వెళ్లిపోయాడు. ఆయన గదీ కుర్చీ అలాగే ఉన్నాయి. దూది దుమ్ముకు దగ్గే నేతగాళ్లు, పొగాకుకు దగ్గే బీడీల ఆడవాళ్లు, జ్వరాలు, కాన్పులు, అన్నీ గంగాధరే చూడాలి.

పథకానికి కారణం నరసయ్య వీపు. ముసలి నేతగాడు నరసయ్య దగ్గుతో వస్తే, డాక్టరు ఆయన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, తల కూడా అక్కడే ఆన్చి నిద్రపోయాడు. నరసయ్య కదల్లేదు. ఏదో పెద్ద పరీక్ష అనుకున్నాడు. బయటికొచ్చి వరుసలో అందరికీ చెప్పాడు: "ఇంత నిమ్మలంగ చూసే డాక్టర్‌ను నా జిందగీల చూడలే. మధ్యల గురక గూడ పెట్టిండు!"

మాట నేనూ ఉన్న దవాఖానా కమిటీ దాకా వచ్చింది. డాక్టరును పిలిపించారు.

"నాతోని అయితలేదు సేఠ్. నిన్న ఒక పోరికి సూది ఏసి, ఏసిన్నో లేదో మరిచిపోయిన. ఇంకోసారి ఏయబోతుంటే తల్లి చెయ్యి పట్టుకున్నది. నాకు భయమైతుంది. ఇంకో డాక్టర్‌ను తెండ్రి. లేకుంటే నేను ఉండలేను."

"మగ్గం వేడెక్కితే కొత్త మగ్గం కొంటమా డాక్టర్ సాబ్? నూనె ఏస్తం" అన్నారు సేఠ్.

కమిటీలో అందరం మగ్గాల మీద బతికేవాళ్లమే. మాట సూటిగా తగిలింది. తీర్మానం పాసైంది.

నూనె అంటే సత్కారం. పుణె నుంచి ఒక నిపుణుడిని రప్పించారు. ఆయన స్ట్రెస్ మేనేజ్‌మెంట్ గురించి పొద్దున మొదలుపెట్టి, వేళకు భోజనం చేయడం అన్నిటికన్నా ముఖ్యమనే ముగింపుకు వచ్చేసరికి డాక్టరు భోజనం వేళ దాటిపోయింది. తర్వాత ఒక్కో మండలి వాళ్లూ వచ్చి ఒక్కో చద్దరు కప్పారు. ఎండాకాలం. చద్దర్లు నా దుకాణానివే కనుక వాటి వెచ్చదనం గురించి నేను చెప్పుకోవడం మర్యాద కాదు.

అప్పటికి బయట రోగులు కాచుక్కూర్చున్నారు. సత్కారంలో తలకు చుట్టిన ఫేటా విప్పే తీరిక లేక డాక్టరు దానితోనే వాళ్లను చూశాడు.

"ఏంది సారు, పెండ్లికొడుకు లెక్క ఉన్నవు?" అంది బీడీల పార్వతీబాయి.

"పెండ్లికొడుకునైతే ఒక్క దినమన్న సుట్టీ దొరుకుతుండె అక్కా."

ఈ మాట చెవిన పడగానే సేఠ్ గారు వారానికో సెలవు మంజూరు చేశారు. మంగళవారం. ఆ రోజు మా పేటకు కరెంటు రాదు. "మగ్గాలు బంద్ ఉన్న దినం పేటల ఎవ్వలికి పని ఉండది. డాక్టర్‌కు ఏడ ఉంటది?" అన్నారు.

లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే, మగ్గం నడిచే రోజున కూలి పోగొట్టుకోలేక మా వాళ్లు రోగాలన్నీ దాచుకొని దవాఖానాకు వచ్చేది మంగళవారమే. ఆ రోజు వరుస వీధి మలుపు దాటుతుంది. డాక్టరు సెలవు రోజున రెట్టింపు మందిని చూశాడు.

"సుట్టీ ఇచ్చినా పని జేస్తున్నడంటే, ఆయనకు ఆరామ్ చేసుడు రాదన్నట్టు. మనమే నేర్పాలె" అన్నారు సేఠ్.

రెండో డాక్టరు గదిలోంచి కుర్చీ తీసేసి మంచం వేశారు. తలుపు మీద 'డాక్టర్ విశ్రాంతి మందిరం' అని రాయించారు. ఫ్యాను బిగించారు, మంగళవారం కరెంటు ఉండదు కాబట్టి అరిగిపోతుందన్న భయం లేదు. మంచం మీదికి సేఠ్ గారి ముఖం నేసిన చద్దరు నేనే సరఫరా చేశాను. మీసం బాగా వచ్చింది.

ప్రారంభోత్సవం మంగళవారమే. పత్రికల వాళ్లొచ్చారు. "డాక్టర్ సాబ్, ఫోటో కోసం జెర పండుకోండ్రి" అన్నారు సేఠ్. డాక్టరు పడుకున్నాడు. చద్దరు కప్పారు. ఫోటో తీసేలోపే నిద్రపోయాడు. చప్పట్లు కొట్టాం, లేవలేదు. జిందాబాద్‌లు కొట్టాం, లేవలేదు.

"చూసిండ్రా పథకం ఎట్ల పని జేస్తుందో!" అన్నారు సేఠ్.

వరుసలోంచి పార్వతీబాయి అరిచింది: "గాయినను పండనియ్యి సేఠ్! ఇంకో డాక్టర్‌ను పెట్టరాదూ?"

"పెడదును అక్కా. కూసుండవెట్ట గది ఏది?"

మేం చాయ్ తాగుతుండగా డాక్టరు లేచాడు. సేఠ్ గారి ముఖం లోపలికి వచ్చేలా చద్దరు మడతపెట్టాడు. కంపౌండర్ ఎల్లయ్య దగ్గర అందరిలాగే చిట్టీ తీసుకొని, బెంచీ మీద నరసయ్య పక్కన కూర్చున్నాడు. డాక్టరే కదా అని ముందున్నవాళ్లు దారి ఇవ్వగానే లేచి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత కూడా వరుస కదల్లేదు.

సేఠ్ గారు పత్రికల వాళ్లను తీసుకొని వచ్చారు. "అరే ఎల్లయ్యా, డాక్టర్ లేడా?"

"లోపటనే ఉన్నడు సేఠ్."

"ఏం జేస్తుండు?"

"పేషెంట్ స్టూలు మీద కూసొని, డాక్టర్ కోసం చూస్తుండు."

సేఠ్ గారు నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లారు.

"కిష్టయ్యా, కొత్త డాక్టర్ సత్కారానికి ఇంకో మంచి చద్దర్ నేపియ్యి. పేరు కాడ జాగ ఖాళీగ ఉంచు."