హార్బర్ మిషన్‌కి తగిలిన ద్వారకా నగర్ దిష్టి

పనిచేస్తున్నదాన్ని ఆపి, "పనిచేస్తున్నావా?" అని అడగడాన్ని చాలామంది తప్పుపడతారు. నేను పట్టను. మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, తర్వాత ఇది కనిపెట్టాడు. ఇక కనిపెట్టాల్సింది ఏమైనా మిగిలిందా?

నమ్మనివారు హిమబిందుని అడగండి.

హిమబిందు సబ్బవరం అమ్మాయి. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న కంపెనీలో ఇంజినీరు. మిషన్ల లోపల ఉండే బోర్డులు ఆ కంపెనీ తయారుచేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మల్ని పొడి చేసే మిషన్‌లో ఉన్నది వాళ్ల బోర్డే. దానికి జబ్బు చేస్తే ఎవరూ కుర్చీలోంచి లేవక్కర్లేదు. నెట్ మీదుగా లోపలికి దూరి నాడి చూడొచ్చు. "మా మనిషి మీ గుమ్మం తొక్కడు!" అన్నది బ్రోషర్‌లో మొదటి వాక్యం. ఇలాంటి హామీ మీ బంధువుల్లో ఒక్కరైనా ఇచ్చారా?

నాడి అంటే రిజిస్టర్లు. ప్రాసెసర్ లోపల చిన్న చిన్న అరలుంటాయి. అది ఆ క్షణాన ఏం చేస్తోందో, తర్వాత ఏం చెయ్యబోతోందో వాటిలో ఉంటుంది. ద్వారకా నగర్‌లో కూర్చుని ఆ అరలు చదవొచ్చు. కావాలంటే వాటిలో రాయొచ్చు. తలరాత చదివి, నచ్చకపోతే దిద్దడమన్నమాట! బ్రహ్మకి కూడా రాయడమే తెలుసు గానీ దిద్దడం తెలియదు కదా?

ఆ ఉదయం మేనేజర్ గంగాధరరావు గారు రిసెప్షన్‌లో గోడంత టీవీ పెట్టించారు. హార్బర్ బోర్డులోని రిజిస్టర్లు ఎప్పటికప్పుడు చదివి, అంకెలు అందులో చూపించాలి. మధ్యాహ్నం బెంగళూరు నుంచి అతిథులు వస్తున్నారు. వాళ్లు చూసి ఆశ్చర్యపోవాలి. టీవీ పెట్టారు. అంకెలు గంతులేశాయి. గంగాధరరావు గారు వాటికి హారతి ఒక్కటే ఇవ్వలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. హార్బర్‌లో చేపలమ్మే సీతాలు.

"పాపా, మిషను ఆగిపోనాది! యేలం పాటలో కొన్న కానాగంత సేపలన్నీ జెట్టీ మీదున్నాయి. ఐసు నేదు. ఎండకి కళ్లు తేలేత్తన్నాయి!"

"నీ కళ్లా పిన్నీ, చేపల కళ్లా?"

"ఇంకో గంట పోతే తేడా తెల్దు గానీ, ఏటి సేత్తావో సెయ్యి!"

ఐసు పడకపోతే ఆ సరుకు పిల్లులక్కూడా పనికిరాదు. హిమబిందు లాప్‌టాప్ తెరిచింది. చదివింది. మోటారు ఆగి ఉంది. తిరగమని రాసింది. తిరిగింది. తిరిగిందో లేదో చూద్దామని చదివింది. ఆగింది. మళ్లీ రాసింది. తిరిగింది. ఈసారైనా నిలబడిందా అని చదివింది. ఆగింది!

పాఠకులారా, దీన్నే శ్రద్ధ అంటారు.

హార్బర్‌లో సీతాలు ఊరుకోలేదు. నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దండ తెచ్చి మిషన్‌కి కట్టింది. "ఎవుడి కళ్లో పడినాయి పాపా. దిష్టి తగిలినాది," అంది ఫోన్‌లో. సీతాలుకి ప్రాసెసర్ గురించి తెలుసని నేను అనను. ఆటో టైరు పంక్చరైనా ఆమె ఇదే మాటంటుంది.

ఇంతలో ద్వారకా నగర్‌లో కరెంటు పోయింది. నెట్ పోయింది. టీవీ నల్లబడింది. హిమబిందు చేసేదేమీ లేక కారియర్ విప్పింది. రెండు ముద్దలు తిన్నదో లేదో, ఫోన్.

"బాగైపోనాది పాపా! బటను నొక్కితే గిర్రున తిరుగుతన్నాది! ఏటి సేసినావు తల్లీ?"

"పప్పన్నం తింటున్నాను పిన్నీ."

"అదే సేత్తా ఉండు!"

కరెంటు వచ్చింది. టీవీ దానంతటదే వెలిగింది. అంకెలు గంతులేశాయి. మళ్లీ ఫోన్.

"తినడం ఆపేసినావేటే?"

హిమబిందు చెయ్యి ఇంకా పప్పులోనే ఉంది. లాప్‌టాప్ మూసే ఉంది. ఆమె కళ్లు టీవీ మీదికి వెళ్లాయి.

రిజిస్టర్ చదవాలంటే ప్రాసెసర్ ఆగాలి. జేబులో ఏముందో చూపించమంటే నడిచే మనిషి ఆగడూ? అలాగే. రెప్పపాటే కదా అని అంతా అనుకున్నారు. కానీ ఐసు మిషన్‌లో చేతులు పడే ప్రమాదం ఉంది. అందుకని ప్రాసెసర్ రెప్పపాటు పలక్కపోయినా మోటారు ఆగిపోవాలని నియమం. ఆ నియమం పెట్టింది హిమబిందే. మిషన్ నడుస్తోందని టీవీ చూపించాలి. చూపించాలంటే మిషన్ ఆగాలి. ఆగిన మిషన్ నడుస్తోందని టీవీ పొద్దుట్నుంచీ చాటుతోంది!

చెయ్యి కడుక్కోకుండానే ఆమె మేనేజర్ దగ్గరికి పరిగెత్తింది.

"సార్, టీవీ ఆపాలి. అది చూడబట్టే మిషన్ ఆగుతోంది."

"అతిథులు లిఫ్టులో ఉన్నారమ్మా! టీవీ ఆపితే మిషన్ ఆగిందనుకోరూ?"

"ఆగే ఉంది సార్."

"ఆగితే ఆగనీ. కనపడాలి కదా!"

ఇంత లోతైన మాట విన్నాక ఎవరికైనా వాదించబుద్ధేస్తుందా? హిమబిందు వాదించలేదు. ఆఖరిసారి రాసింది. ఒక రిజిస్టర్‌లో ఒక్క బిట్, అంటే సున్నా ఉన్నచోట ఒకటి. దాంతో బోర్డు లోపల్నుంచి గడియ వేసుకుంటుంది. చదవడమూ బంద్, రాయడమూ బంద్. గడియ తీయాలంటే మనిషి హార్బర్‌కి వెళ్లాల్సిందే. బ్రోషర్‌లో మొదటి వాక్యం అక్కడితో పోయింది.

టీవీకి, నిన్న పరీక్ష కోసం పట్టి ఉంచిన అంకెలు తగిలించింది. సీతాలుకి ఫోన్ చేసి స్టార్టు బటన్ నొక్కించింది. ఐసు పడింది. మిషన్ మళ్లీ ఆగలేదు.

అతిథులు టీవీ ముందు నిలబడి తలలాడించారు. "ఎంత నిలకడ!" అన్నారు. నిన్నటి అంకెలకి నిలకడ కాక ఇంకేముంటుంది? హార్బర్ ఎంత దూరమని ఒకాయన అడిగాడు. "ఇక్కడే సార్, ఆటోలో వెళ్లిపోవచ్చు," అన్నారు గంగాధరరావు గారు. మీరెప్పుడైనా వెళ్లారా అని అడిగాడు. "అవసరమే పడలేదు సార్!" అన్నారు, ఛాతీ విరిచి.

సాయంత్రం హిమబిందు హార్బర్‌కి వెళ్లింది. అమ్మకం ముగించుకున్న సీతాలు తట్ట బోర్లించి దానిమీద కూర్చుని ఉంది. మిషన్‌కున్న నిమ్మకాయల దండ విప్పి ఆమె చేతిలో పెట్టింది.

"దీనికింక అక్కర్నేదు. మీ ఆఫీసులో దేనికైనా కట్టుకో."

ఆ అవసరం తొందరగానే వచ్చింది. టీవీ విజయం చూసిన గంగాధరరావు గారు అదే సౌకర్యం సిబ్బందికీ కల్పించారు. ఇప్పుడు ప్రతి లాప్‌టాప్‌లోనూ గంటకోసారి ఒక పెట్టె తెరుచుకుంటుంది. "ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడుగుతుంది. చేస్తున్న పని ఆపి, ఏ పని చేస్తున్నారో అందులో టైపు చెయ్యాలి. ప్రతి సీటు పైనా బిగించిన కెమెరా చూస్తుంటుంది. నెల తిరిగేసరికి పనులు వెనకబడ్డాయి. గంగాధరరావు గారు కారణం కనిపెట్టారు. గంటకోసారి అడిగితే చాలడం లేదట. పావుగంటకోసారి అడగాలట!

నేను సమర్థిస్తున్నాను. సమర్థించకపోతే ఎందుకు సమర్థించలేదో పావుగంటకోసారి రాయాలి.

హిమబిందు మాత్రం నిమ్మకాయల దండ తీసి కెమెరాకి కట్టింది. సరిగ్గా కంటికి అడ్డంగా.