గోలు పడితేనే తెరిచే కిటికీ

సావా నది గట్టు తెంచుకుని వచ్చి మేయరుగారి కుర్చీలో కూర్చున్న వరద నుంచి లెక్కేస్తే అది ఐదో ఏడు. ఒక ఇంటి వంటగదికి గాలి ఎప్పుడు ఆడాలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి ఎడమకాలు తేల్చగలదని లుష్కోవో ఊరు లోకానికి నిరూపించిన ఏడు కూడా అదే.

ఆ వంటగది రాదివోయ్‌ది. ఆయన నదిలో ఇసుక పడవ నడిపి నడిపి మానుకున్న మనిషి. మాట పొదుపు. పెళ్ళిలో పాదిరి అడిగినదానికి కూడా తల ఊపి ఊరుకున్నాడని చెప్పుకుంటారు (ఆయన భార్య దెసాంకా ఇది అబద్ధమంటుంది. తల కూడా ఊపలేదట).

వరద తీశాక ఆయన ఇంటి వీధివైపు గోడ పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డాయి. అప్పుడు ఊరి జట్టు అభిమానుల సమితి అధ్యక్షుడు చెదోమిర్ వచ్చాడు.

"బాబాయ్, గోడకి గిలాబా మేం చేయిస్తాం. దానిమీద మన ఒగ్న్యెన్ బొమ్మ వేయించుకుంటాం. సరేనా?"

రాదివోయ్ తల ఊపాడు. ఆ ఊపుని సమితి ఇప్పటికీ ఒప్పందం అనే పిలుస్తుంది.

ఒగ్న్యెన్ ఊళ్ళో పుట్టినవాడు. ఊరి ఆకుపచ్చ చొక్కాతో మొదలుపెట్టి, గోల్స్ కొట్టి కొట్టి బెల్‌గ్రేడ్ జట్టుకి పోయాడు. దానికెవరూ ఏమీ అనుకోలేదు. బెల్‌గ్రేడ్‌కి ఊళ్ళోంచే బస్సుంది. బొమ్మ వేసినవాడు మాత్రం కాస్త బద్ధకస్తుడు. మేడమీది వంటగది కిటికీ సరిగ్గా ముఖంలోకి వస్తే, దాన్ని తప్పించి వేయడం ఎందుకని కిటికీనే నోరు చేశాడు. చెక్క రెక్కలమీద పళ్ళు వేశాడు. రెక్కలు మూస్తే పళ్ళు బిగబట్టిన ఒగ్న్యెన్. తెరిస్తే గోలు కొట్టి అరుస్తున్న ఒగ్న్యెన్.

నిబంధన ఇక్కడ పుట్టింది. గోలు కొట్టకుండా అరిచే ఆటగాడు ఊరికి అప్రదిష్ట. కాబట్టి ఒగ్న్యెన్ గోలు కొడితేనే కిటికీ తెరవాలి. తెరిచినదాన్ని తరవాతి ఆట మొదలయ్యేదాకా అలాగే ఉంచుకోవచ్చు. ఇది మొదటి నిబంధన. తక్కినవి దాని పిల్లలు. పెనాల్టీ గోలైతే ఎడమ రెక్క మాత్రమే తెరవాలి. పొరపాటున సొంత గోల్‌లోకి కొట్టుకుంటే రెండు రెక్కలకీ మేకులు దిగ్గొట్టాలి (మేకులు ఇంటివారే తెచ్చుకోవాలి). గోలు అవునో కాదో రిఫరీ వీడియోలో చూస్తున్నంతసేపూ ఇంటాయన రెక్కలు సగం తీసి చేత్తో పట్టుకుని నిలబడాలి. ఒకసారి గాలివానలో రాదివోయ్ అలాగే నిలబడ్డాడు. తడిసి ముద్దయ్యాక ఆఫ్‌సైడ్ అని తేలింది.

ఆరుబయట పొయ్యి పెట్టుకుందామంటే దానికీ నిషేధం. మసి ఒగ్న్యెన్ మోకాళ్ళమీద పడుతుందట.

అయినా సంసారం సాగిపోయింది. బెల్‌గ్రేడ్‌లో ఒగ్న్యెన్ ఇంచుమించు వారం వారం కొట్టేవాడు. దెసాంకా ఆటల వరస చూసుకుని వంట చేసేది. చేతగాని జట్టుతో ఆట ఉన్న వారం చేపలు వేయించేది. గట్టి జట్టుతో ఉంటే ఉడకబెట్టిన బంగాళాదుంపలు.

ఇలా ఉండగా ఆగస్టులో, ఇంగ్లండులో ఒక క్లబ్బు ఒగ్న్యెన్‌ని నలభై మిలియన్ల యూరోలకి కొనుక్కుంది. ఆ క్లబ్బు పేరు ఊళ్ళో ఇద్దరు ఒకేలా పలకలేదు. ఆ సాయంత్రం రుజిత్సా నడిపే సారాకొట్టు కఫానాలో కుర్చీలు చాలలేదు.

"అమ్ముడుపోయాడు," అన్నాడు చెదోమిర్. "ఊరి గోడమీద నోరు పెట్టుకుని పరాయివాడి కోసం అరుస్తాడా?"

"నీకా నలభై ఇస్తామంటే నువ్వేం చేసేవాడివన్నా?" అన్నాడు బస్సు నడిపే సెలిమిర్.

"పొమ్మనేవాణ్ణి."

"నిన్న పావుకిలో జున్ను ఊరికే ఇస్తున్నారంటే పక్కూరు దాకా నా బస్సెక్కావు. టిక్కెట్టు కూడా తీసుకోలేదు."

"జున్ను వేరు, జెండా వేరు."

"ఎక్కడ కొట్టినా గోలు గోలే అన్నా. బంతికి పాస్‌పోర్టు ఉంటుందా?"

"అసలు కొడితే కదరా. అక్కడి డిఫెండర్లు ఒక్కొక్కడూ గుమ్మమంత ఉంటాడు. పైగా రోజూ వాన."

"ఏమన్నా అనుకోండి గానీ గ్లాసు ఖాళీగా పెట్టుకుని అనుకోకండి," అంది రుజిత్సా, రాకియా సారా సీసాతో తిరుగుతూ.

మూలబల్ల దగ్గర కూర్చున్న రాదివోయ్‌కి ఆ గుమ్మమంత డిఫెండర్లు తన వంటింట్లో నిలబడ్డట్టే అనిపించింది. లేచి ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు.

"ఇంగ్లండు."

దెసాంకాకి అంతకంటే అక్కర్లేకపోయింది. "మరి మిరపకాయల సంగతో?"

సెప్టెంబరు దగ్గర పడుతోంది. ఎర్ర లావు మిరపకాయలు బస్తాలకొద్దీ తెచ్చి, పొయ్యిమీద కాల్చి, తొక్కలు ఒలిచి, చలికాలానికి అయ్‌వార్ పచ్చడి పెట్టుకునే రోజులు. అయ్‌వార్ లేని ఇల్లుని లుష్కోవోలో ఇల్లనరు, గోదామంటారు. ఆ పొగ బయటికి పోవడానికి ఒగ్న్యెన్ నోరు తప్ప దారి లేదు.

సమితి మూడు సాయంత్రాలు చర్చించి, రెండు కుర్చీలు విరిగాక, రాజీకి వచ్చింది. విదేశీ గోలు అరగోలు. దానికి ఒక రెక్క తెరవచ్చు, అదీ సూర్యాస్తమయం దాకానే. దేశం కోసం ఆడి కొట్టినదానికి మాత్రం రెండు రెక్కలూ.

ఇంత కష్టపడి చేసిన చట్టానికి పని పడలేదు. ఇంగ్లండులో ఒగ్న్యెన్‌ని ఆడించలేదు. మందపాటి కోటు తొడిగి బెంచీమీద కూర్చోబెట్టారు. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు. సెప్టెంబరంతా కూర్చున్నాడు. గోడమీద పళ్ళు బిగబట్టే ఉన్నాయి. వంటింట్లో బస్తాల అడుగున మిరపకాయలు మెత్తబడుతున్నాయి.

"ఈ ఆదివారం ఆఖరు," అంది దెసాంకా. "ఆ పళ్ళు విడకపోతే బస్తాలు తీసుకుని మా చెల్లెలింటికి పోతా. అయ్‌వార్ అక్కడే పెడతా, చలికాలం అక్కడే తింటా. నువ్వు మీ ఒగ్న్యెన్ నాలిక మీద కూర్చుని బంగాళాదుంపలు తిను."

రాదివోయ్ తల ఊపబోయి, ఊపితే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి ఆగిపోయాడు.

ఆదివారం కఫానా నిండింది. టీవీలో ఆట నడుస్తోంది. ఒగ్న్యెన్ బెంచీమీదే ఉన్నాడు.

"చెప్పానా," అన్నాడు చెదోమిర్. "నలభై మిలియన్లు పోసి కోటుకి కొయ్య కొనుక్కున్నారు."

"కొయ్య అనకు. కూర్చోవడం కూడా నేర్చుకోవాలి, పెద్ద క్లబ్బు అది," అన్నాడు సెలిమిర్.

"కూర్చోవడమే అయితే ఇక్కడే కూర్చునేవాడుగా. నేనే కుర్చీ ఇచ్చేవాణ్ణి."

"కఫానాలో విరగనిది ఒక్కటి చూపించి ఇవ్వన్నా."

అప్పుడు రాదివోయ్ లేచి నిలబడ్డాడు. ఆయన ఎందుకు లేచాడో తెలియక కఫానా అంతా అటు తిరిగింది. రుజిత్సా టీవీ గొంతు తగ్గించింది.

"ఆవులిస్తున్నాడు," అన్నాడు రాదివోయ్.

అందరూ తెరవైపు చూశారు. నిజమే. కెమెరా బెంచీవైపు తిరిగి ఉంది. ఒగ్న్యెన్ ఆవులిస్తున్నాడు. చేయి అడ్డం పెట్టుకోకుండా, కొండనాలిక కనబడేలా.

"అక్కడ నోరు తెరిచాడు. ఇక్కడ మూసి ఉంది. గోడ అబద్ధం చెబుతోంది," అని రాదివోయ్ కూర్చున్నాడు. ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం ఊరు అంతకుముందు వినలేదు. మధ్యలో ఊపిరి కూడా తీసుకున్నాడు.

సమితి అక్కడికక్కడే సమావేశమైంది. చిత్రమేమిటంటే రెండు పక్షాలకీ ఆవులింత నచ్చింది. మనవాణ్ణి మగ్గబెడుతున్నారని ఇంగ్లండుకి తెలియాలి, నోరు తెరిచే ఉంచండి అన్నాడు చెదోమిర్. నిద్ర తీర్చుకుని లేస్తే ఇక ఆగడు, తెరిచే ఉంచండి అన్నాడు సెలిమిర్. ఒగ్న్యెన్ ఇంగ్లండు పోయాక వాళ్ళిద్దరూ ఏకమైన మొదటి మాట అది. బెంచీమీద ఉన్నంతకాలం ఆటగాడు ఆవులిస్తున్నట్టే పరిగణించాలనీ, కిటికీ పగలూ రాత్రీ తెరిచే ఉంచాలనీ, అతను మైదానంలో కాలు పెట్టిన క్షణం మూసేయాలనీ తీర్మానించారు.

"మరి ఆవులింతలోంచి పొగొస్తే?" అని ఎవరో అడిగారు.

"అక్కడ చలి కదరా," అన్నాడు సెలిమిర్. "నోట్లోంచి పొగ రాదూ?"

ఆ అనుమానమూ తీరింది.

పొద్దు గుంకకముందే దెసాంకా పొయ్యి వెలిగించింది. రెండు రెక్కలూ బార్లా తెరుచుకుని, ఒగ్న్యెన్ నోట్లోంచి తెల్లటి పొగ మెల్లగా లేచి వీధి మీదుగా నదివైపు సాగింది. ఊరంతా కాలిన మిరపకాయల వాసన. పాపం చలిలో ఎంత కష్టపడుతున్నాడో అని వీధిలో వెళ్ళేవాళ్ళు టోపీలు తీశారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది (ఘాటుకి కావచ్చు).

బస్తాలింకా సగం మిగిలాయి.

మర్నాడు పొద్దున్నే రాదివోయ్ గడ్డం గీసుకుని, ఈస్టరుకి తప్ప తీయని కోటు తొడుక్కుని చర్చికి వెళ్ళాడు. రెండు కొవ్వొత్తులు కొన్నాడు. మొదటిది బతికున్నవాళ్ళ కోసం ఉన్న పై పళ్ళెంలో వెలిగించాడు.

"ఎవరి పేరున?" అని పాదిరిగారు అడిగారు.

"ఇంగ్లండులో మావాణ్ణి ఆడించని పెద్దమనిషి. ఆయన ఉద్యోగం పదికాలాలు చల్లగా ఉండాలి."

రెండోది బెంచీమీది ఒగ్న్యెన్ కోసం. దాన్ని బతికున్నవాళ్ళ పళ్ళెంలో పెట్టాలో, పోయినవాళ్ళ కోసం కింద పోసిన ఇసుకలో గుచ్చాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూశాడు. ఆఖరికి వెలిగించకుండా జేబులో వేసుకుని ఇంటిదారి పట్టాడు. అది సమితి తేల్చాల్సిన విషయం.