తిరిగి చెప్పమన్న అతిథి

సిడ్నీ శివారు ద పాండ్స్‌లోని తెలుగు విశ్వాసుల సహవాసం వారి ఆఫ్రికా అనువాద కమిటీ ఐదేళ్లు జయప్రదంగా పూర్తిచేసుకున్నదని తెలపడానికి సంతోషంగా ఉంది. ఈ ఐదేళ్లలో కమిటీ నలభై ఏడుసార్లు సమావేశమై, నలభై ఏడుసార్లూ బిర్యానీ తిని, మలావీ కొండల్లో ఆరువేల మంది మాట్లాడే ఒక భాషలోకి సువార్త తర్జుమా కావడానికి ఎడతెగని ప్రోత్సాహం అందించింది. ఆ భాష పేరు పలకడానికి నోరు తిరగక, మినిట్స్‌లో 'అవర్ లాంగ్వేజ్' అని రాసుకున్నారు. మరి తెలుగును ఏమని రాయాలన్న చిక్కు రాలేదు. మినిట్స్‌లో తెలుగు ప్రస్తావన ఎప్పుడూ లేదు.

కమిటీ అధ్యక్షుడు చలపతి. ఇరవై రెండేళ్ల కిందట బాపట్ల నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చి, ఇప్పుడు ఒక బ్యాంకులో ప్రాజెక్టు మేనేజరుగా ఉంటూ, తీరిక వేళల్లో ఆఫ్రికాను కూడా మేనేజ్ చేస్తున్నాడు. ఏ వారం ఎన్ని వచనాలు తర్జుమా కావాలో చార్టు గీసి పంపించాడు. అయినవి ఆకుపచ్చ గడులు, కానివి ఎర్ర గడులు. నిరుడు తప్పిపోయిన కొడుకు కథ దగ్గర అక్కడివాళ్లు ఒక్క వాక్యం మీద మూడు వారాలు కూర్చున్నారు. గడి ఎర్రబడింది. చలపతి మూడు రిమైండర్లు పంపాడు.

"ఇంగ్లీషులో ఉన్నదే కదా, చూసి రాయడానికి మూడు వారాలేంటి మంగళా? నాకిస్తే కాఫీ తాగేలోపు అయిపోద్ది," అన్నాడు భార్యతో. ఆ భాష ఒక్క ముక్క కూడా రాకపోవడం ఆయనకు అడ్డంకిగా తోచలేదు.

సొంతింట్లో మాత్రం చలపతికి అన్నీ ఆకుపచ్చ గడులే. కొడుకు వివేక్‌కి పదిహేడేళ్లు. "మావాడికి తెలుగు మొత్తం అర్థమవుద్దండీ, మాట్లాడ్డమే రాదు," అని ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. సిడ్నీలోని తెలుగు తల్లిదండ్రులు పౌరసత్వ ప్రమాణంతో పాటు ఈ వాక్యాన్ని కూడా కంఠస్థం చేస్తారు. చలపతి దగ్గర రుజువు కూడా ఉంది. రోజూ సాయంత్రం ఆరున్నరకు కుటుంబ ప్రార్థనలో ఆయన గ్రాంథికంలో ఇరవై నిమిషాలు ప్రార్థిస్తే, ముగిసిన మరుక్షణం వివేక్ ఠంచనుగా ఆమెన్ అంటాడు. అర్థం కాకుండానే అంటాడా?

ఫిబ్రవరిలో వివేక్ మెడిసిన్ ఎంట్రన్స్ రాయనన్నాడు. ఎలక్ట్రీషియన్ దగ్గర అప్రెంటిస్‌గా చేరతానన్నాడు. చలపతి ఆ రోజు కొడుకుతో ఒకే ఒక్క మాట అన్నాడు, అదీ ఇంగ్లీషులో: "యూ హ్యావ్ ఫినిష్డ్ మీ." ఆ తర్వాత వాడితో నేరుగా మాట్లాడలేదు. దేవుడితో మాట్లాడాడు. వాడి పక్కనే మోకరించి, ప్రతి సాయంత్రం, తెలుగులో. మొదటి నెల నిష్ఠూరాలు. రెండో నెల కన్నీళ్లు. జూన్ నాటికి, ప్రభువా, నేను కఠినుడనైతిని, నా బిడ్డ చేతిపనిని ఆశీర్వదింపుము, వాడు నన్ను క్షమించునట్లు చేయుము అనేదాకా వచ్చాడు. మనిషి నిజంగానే కరిగిపోయాడు. ఒక్కసారి వాడు "నాన్నా" అంటే చాలునని అప్పట్నుంచీ మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. వాడేమో ఆమెన్ అని లేచి గదిలోకి పోతున్నాడు. వాడి గుండె రాయి అని చలపతి తీర్మానించుకున్నాడు.

"ఆ ముక్కేదో వాడికే ఇంగ్లీషులో చెప్పొచ్చుగా," అంది మంగళ.

"ప్రార్థన ఇంగ్లీషులో ఏంటి, లోన్ అప్లికేషన్ లాగా?" అన్నాడు చలపతి.

సెప్టెంబరులో 'అవర్ లాంగ్వేజ్' సువార్త అచ్చయింది. దాని అనువాదకురాలు తబిత ఫిరి సిడ్నీ వస్తోందని తెలిసి కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. పాపం చలికి తట్టుకోలేదని ఆరు దుప్పట్లూ, పిల్లలకు పొట్టివైపోయిన బట్టలు రెండు సంచులూ సేకరించారు. విమానం దిగినావిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఇస్త్రీ నలగని నీలం సూటు, ఐదు భాషలు. జూలైలో మా కొండల మీద ఇంతకన్నా చలి అని చెప్పి, దుప్పట్లకు మర్యాదగా కృతజ్ఞతలు తెలిపింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి కమ్యూనిటీ హాల్లో అభినందన సభ. మూడున్నరకు మొదలైంది, ఐదింటికి హాలు ఖాళీ చేయాలి. శాలువాలు పన్నెండు తెచ్చారు. కమిటీ సభ్యులు పన్నెండు మంది. ఒకరికొకరు కప్పుకున్నాక శాలువాలు అయిపోవడంతో అతిథికి దుప్పటి కప్పారు. తర్వాత అధ్యక్షుడు మైకు తీసుకున్నాడు.

"సహోదరీ సహోదరులారా! ఒకనాడు మిషనరీ దొరలు ఓడలెక్కి మన గుంటూరు జిల్లాకు వాక్యాన్ని మోసుకొచ్చారు. ఈనాడు మనం, ఈ ద పాండ్స్‌లో కూర్చొని, సొంత భాషలో వాక్యమెరుగని అభాగ్యులకు వెలుగు పంపుతున్నాం. దొరల రుణం తీర్చుకున్నాం! ఇది మన తెలుగు జాతి ఔదార్యం!"

చప్పట్లు మోగాయి. తబిత దుప్పటి సర్దుకుని లేచి, ఉపన్యాసం తనకు చేతకాదనీ, తమ పని ఎలా ఉంటుందో చూపిస్తాననీ ఇంగ్లీషులో చెప్పింది. ఒక కథ తర్జుమా చేశాక, దాని గురించి ఏమీ తెలియని మనిషిని పిలిచి ఒకసారి చదివి వినిపిస్తారు. పుస్తకం మూసి, విన్నది నీ మాటల్లో తిరిగి చెప్పమంటారు. చెప్పలేకపోతే తప్పు విన్నవాళ్లది కాదు. మళ్లీ రాయాలి.

"తప్పిపోయిన కొడుకు ఆస్తంతా పాడుచేసుకుని తిరిగొస్తూ దూరాన కనబడగానే తండ్రి పరుగెత్తాడన్న చోట మాకు మూడు వారాలు పట్టింది," అంది. "మా ఊళ్లో పెద్దమనిషి పరుగెత్తడు. చదివినప్పుడల్లా, ఇల్లు తగలబడిందా, పాము కనబడిందా అని అడిగేవాళ్లు. ఎన్ని రకాలుగా రాసినా అంతే. చివరికి మేకలు కాసే ఒక ముసలమ్మ వింది. ఏమీ తగలబడలేదు, కొడుకు కనబడ్డాడు, పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు, అని చెప్పింది. ఆ వేళ మా పని అయింది."

చలపతికి తను పంపిన మూడు రిమైండర్లు గుర్తొచ్చాయి. వాటిని సభలో ప్రస్తావించనందుకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

ఆవిడ అదే కథను తెలుగులో చదవమంది. చలపతి చదివాడు. బాపట్ల గుడిలో తాత చదివినట్టే, రాగం తీస్తూ, కళ్లు చెమరుస్తుండగా చదివాడు. పుస్తకం మూయించి, ఇప్పుడు ఎవరైనా తిరిగి చెప్పండంది. కోశాధికారి వాసుదేవరావు లేచి, అక్షరం పొల్లుపోకుండా మొత్తం అప్పజెప్పాడు. చాలా బావుంది, ఇప్పుడు ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పండంది. వాసుదేవరావు మంచినీళ్లు తాగడానికి వెళ్లాడు. మిగతా పదిమంది సభ్యులు శాలువా అంచుల జరీ పరిశీలించారు.

సంఘం పరువు పోతోందని చలపతికి అర్థమైంది. "మావాడు చెప్తాడు," అన్నాడు మైకులో. "వాడికి తెలుగు మొత్తం అర్థమవుద్ది. వివేక్, కమ్ రా!"

ముందు వరసలోంచి వివేక్ లేచి, హూడీ జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"సారీ. ఐ డిడ్న్‌ట్ గెట్ ఎనీ ఆఫ్ ఇట్."

ఒక్క మాటైనా తెలియలేదా అని తబిత మెల్లగా అడిగింది. 'తండ్రి' అనే మాట తెలుసన్నాడు. ఇంట్లో ప్రార్థనలో డాడ్ చాలాసార్లు అంటాడన్నాడు. అయితే ఆ ప్రార్థనలో నువ్వు విన్నదే తిరిగి చెప్పు అంది ఆవిడ. అది వాళ్ల పని, అలవాటు కొద్దీ అడిగింది.

"ఎవ్రీ ఈవెనింగ్ హీ కంప్లెయిన్స్ టు గాడ్ అబౌట్ మీ," అన్నాడు వివేక్. మధ్యమధ్యలో తన పేరు వినబడుతుందట. తర్వాత డాడ్ ఏడుస్తాడట. "సో ఐ సే ఆమెన్. టు మేక్ ఇట్ స్టాప్."

చలపతికి అప్పుడు తెలిసింది. మూడు నెలలుగా తను వాడిని బతిమాలుతున్నాడు. మూడు నెలలుగా వాడు తిట్లు తింటున్నాడు. మైకుకీ కొడుక్కీ మధ్య నాలుగడుగులు. పెద్దమనిషి పరుగెత్తనక్కర్లేదు, నడిచినా సరిపోయేది.

"ముందు వాడితో మాట్లాడండి," అంది మంగళ కింది నుంచి.

చలపతి నోరు తెరిచాడు. పదకొండు శాలువాలు ఆయన్నే చూస్తున్నాయి.

"సమయాభావం వల్ల," అన్నాడు, "ఇప్పుడు వందన సమర్పణ."

రెండు వారాలకు తబిత నివేదిక వచ్చింది. "ఈ ప్రజలు దయగలవారు. వంట అమోఘం. లేఖనాలు గట్టిగా చదవగలరు. పిల్లలకు మాత్రం తండ్రి నోటి నుంచి అర్థమయ్యే భాషలో ఒక్క వాక్యం కూడా ఇంకా అందలేదు. మా కొండల నుంచి ఒక అనువాదకురాలిని పంపడానికి సిద్ధంగా ఉన్నాం. ఒక్కో వాక్యానికి మూడు వారాలు పట్టవచ్చు. దయచేసి రిమైండర్లు పంపవద్దు."

నలభై ఎనిమిదో సమావేశం ఈ నివేదికను తీవ్రంగా ఖండించింది. ఆఫ్రికా నుంచి మనకు మిషనరీ ఏమిటని సభ్యులు ఆవేదన చెందారు. పిమ్మట, వంట అమోఘం అన్నంత వరకు వార్షిక నివేదికలో అచ్చువేయాలని ఏకగ్రీవంగా తీర్మానించి బిర్యానీకి లేచారు.

పక్కింటి ఉమామహేశ్వరరావు ఈ సంగతి కంచె మీదుగా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నెలనెలా గంట దూరంలోని హెలెన్స్‌బర్గ్ హిందూ దేవాలయానికి వెళ్లే మనిషి. దారి పొడవునా కారులో స్తోత్రాలు, కూతురు భానుశ్రీకి అన్నీ కంఠతా వచ్చు. అయితే ఒకటి తిరిగి చెప్పించండి అన్నయ్యగారూ అంది మంగళ. మరుసటి ఆదివారం దారిలో చెప్పించబోయాడట. మిగతా దారంతా క్రికెట్ కామెంటరీ పెట్టుకున్నారని వినికిడి.

చలపతి ఇప్పుడు కొత్త చార్టు గీశాడు. అందులో ఒకే గడి. రోజూ ఆరున్నరకు "వివేక్, ఐ..." అని మొదలుపెడతాడు. మిగతాది తెలుగులో దేవుడికి చెప్పేస్తాడు. ఆరో వారం నడుస్తోంది, గడి ఎర్రగానే ఉంది. వివేక్ మాత్రం ఈ మధ్య వెంటనే ఆమెన్ అనడం లేదు. ఆ వాక్యం వస్తుందేమోనని కాసేపు ఆగి చూస్తున్నాడు.

మీరు నవ్వుకున్నారు, సంతోషం. పక్క గదిలో మీవాడున్నాడుగా, పిలిచి ఈ కథ చదివి వినిపించండి. పత్రిక మూసి, తిరిగి చెప్పమనండి. మీవాడికి తెలుగు మొత్తం అర్థమవుతుంది కదా.